పీఎస్5లో 2 టీబీ ఎస్‌ఎస్‌డీ: నెలకి వెయ్యి జీబీ నెట్ ఉన్న ఇంటికి పనికొచ్చిందా?

పీఎస్5 అంటే సోనీ వాళ్ళ గేమ్ కన్సోల్, ఎస్‌ఎస్‌డీ అంటే అందులో గేములు దాచుకునే మెమరీ డ్రైవ్. నేను కొన్నది డబ్ల్యూడీ బ్లాక్ ఎస్‌ఎన్850ఎక్స్, 2 టీబీ (అంటే రెండు వేల జీబీ), వేడిని లాగేసే హీట్‌సింక్‌తో కలిపి వచ్చే రకం. 2025 వేసవిలో, పెళ్ళిళ్ళ సీజన్ బాకీలు వసూలయ్యాక, పదహారు వేల చిల్లర పెట్టి తీసుకున్నాను. దీని గురించి ఎక్కడ చూసినా స్పీడు ముచ్చటే. సెకనుకి ఇన్ని వేల ఎంబీ, గేమ్ ఇన్ని సెకన్లలో లోడ్ అయింది అని. నాకు ఆ స్పీడుతో పెద్దగా పని లేదు, పీఎస్5లో ముందునుంచీ ఉన్న ఎస్‌ఎస్‌డీ చాలినంత వేగంగానే పనిచేస్తోంది. నేను దీన్ని కొన్నది ఇంటర్నెట్ డేటా మిగుల్చుకోవడానికి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, లెక్క వేస్తే అసలు లాభం అక్కడే తేలింది. అందుకే ఈ రివ్యూ ఆ వైపు నుంచి రాస్తున్నాను.

మాది భీమవరం. ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, ఈమధ్య ప్రీవెడ్డింగ్ షూట్లు. హార్డ్ డిస్కులు కొనడం, నింపడం, పోతే నెత్తీ నోరూ కొట్టుకోవడం మా పనిలో భాగం. స్టూడియో పైనే ఇల్లు, రెండిటికీ ఒకటే నెట్. పెద్ద కంపెనీల ఫైబర్ మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. జియో, ఎయిర్‌టెల్ ఫైబర్ ఉన్నవాళ్ళకి నెలకి 3,300 జీబీ వరకు వస్తుంది, వాళ్ళకి ఈ గొడవ పెద్దగా తెలియదు. మా సందులో ఉన్నది ఒక కేబుల్ ఆపరేటర్ లైను. 100 ఎంబీపీఎస్, నెలకి 1000 జీబీ. అది దాటితే స్పీడు 2 ఎంబీపీఎస్‌కి పడిపోతుంది. అప్‌లోడ్ చేసింది కూడా ఆ వెయ్యిలోనే లెక్క. మురుగుకాలవ కోసం జేసీబీ వచ్చిందంటే చాలు, వైరు తెగి ఒక పూట నెట్ పోవడం మామూలే, దానికి ఎవర్నీ ఏమీ అనలేం.

వెయ్యి జీబీ అంటే సముద్రం అనుకుంటారు చాలామంది. మా ఇంటి లెక్క చూడండి. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు చెప్పే ప్రకారమే హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా, 4కె అయితే 7 జీబీ దాకా పోతుంది. మా ఆవిడ, అత్తగారు కలిపి రోజుకి మూడు గంటలు చూశారనుకోండి, హెచ్‌డీలోనే నెలకి 270 జీబీ. సీజన్‌లో స్టూడియో నుంచి కస్టమర్లకి ఫోటోలు, టీజర్లు ఎక్కించడానికి ఇంకో రెండు వందలు. అసలు ఫుటేజీ నెట్ మీద పంపడం నేనెప్పుడో మానేశాను. 100 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌లో తీసిన 4కె వీడియో గంటకి 45 జీబీ, ఒక పెళ్ళికి మూడు కెమెరాలు. హైదరాబాదులో ఎడిటర్‌కి హార్డ్ డిస్కు ప్యాక్ చేసి రాత్రి బస్సులో వేస్తే తెల్లారేసరికి ఆయన చేతిలో ఉంటుంది. అంత స్పీడు ఇచ్చే అప్‌లోడ్ లైను మా ఊళ్ళో నేనింకా చూడలేదు.

ఇంక ఫోన్ల వైఫై, మా వాడి ట్యూషన్ వీడియోలు పోను గేములకి మిగిలేది నాలుగు వందల చిల్లర. అక్కడే వచ్చింది తంటా.

నాది పీఎస్5 మొదటి మోడల్. డబ్బా మీద 825 జీబీ అని ఉంటుంది, వాడుకోవడానికి దొరికేది 667. అందులో నేను ఆడే రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వంద దాటి తింటుంది. బాల్డర్స్ గేట్ 3కి పీసీ మీద అడిగేదే 150 జీబీ, కన్సోల్ మీదా తక్కువేం కాదు. గ్రాన్ టూరిస్మో 7 అప్‌డేట్లు మీదపడి మీదపడి వంద దాటింది. ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్ రెండు డిస్కుల మీద వచ్చింది, దాదాపు 150. మా వాడి ఫుట్‌బాల్ గేమ్ ఉండనే ఉంది. శనివారాలు హాస్టల్ నుంచి మా మేనల్లుడు దిగుతాడు, వాడికి కాల్ ఆఫ్ డ్యూటీ కావాలి. 2023లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ 3 అన్ని భాగాలూ వేసుకుంటే 200 జీబీ దాటింది. వాడొచ్చిన ప్రతిసారీ "మావయ్యా, ఏదో ఒకటి తీసెయ్" అనడం, నాది ఒకటి డిలీట్ కావడం, వాడు వెళ్ళిపోయాక నాది మళ్ళీ దింపుకోవడం. ఆటకి కాదు, ఈ తీసెయ్యడానికీ దింపడానికీ నెల డేటా అంతా హారతి కర్పూరం అయిపోయేది. ఇరవయ్యో తారీఖుకల్లా వెయ్యీ అయిపోతే తర్వాత 2 ఎంబీపీఎస్. ఆ స్పీడులో 150 జీబీ గేమ్ దిగాలంటే కన్సోల్ ఆపకుండా వారం రోజులు నడవాలి. మధ్యలో సీరియల్ ఆగిపోతే ఇంట్లో ఎవరు మాట పడతారో వేరే చెప్పక్కర్లేదు.

కుర్రతనంలో నేను ఆడిన జీటీఏ వైస్ సిటీకి డబ్బా వెనక అడిగిన జాగా 915 ఎంబీ. ఒక్క జీబీ కూడా కాదు. ఇప్పుడు ఒక అప్‌డేట్ అంతకు పదింతలు ఉంటోంది.

ఎందుకింత అంటే, కొంత న్యాయమే. బొమ్మ నాణ్యత పెరిగింది. గోడ మీద, మొహం మీద అతికించే బొమ్మ, అదే టెక్స్‌చర్, పొడవూ వెడల్పూ రెండింతలు చేస్తే పిక్సెళ్ళు నాలుగింతలు అవుతాయి. ఫోటోలు తీసేవాడిగా ఇది నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆడియోది మరో కథ. 2014లో వచ్చిన టైటాన్‌ఫాల్ పీసీలో 48 జీబీ ఉంటే, అందులో 35 జీబీ ఉత్త శబ్దమే. పాత ప్రాసెసర్లకి ఆడియోని విప్పే భారం పడకూడదని కుదించకుండా అలాగే పెట్టేశారు. కస్టమర్ కంప్యూటర్ జేపెగ్ తెరవలేదేమోనని పెళ్ళి మొత్తం కెమెరాలోంచి వచ్చిన భారీ రా ఫైళ్ళలో ఇచ్చినట్టు అన్నమాట.

నాకు నిజంగా ఒళ్ళు మండేది మూడో కారణం. ఒకే ఫైలుని పదేపదే పెట్టడం. పాత హార్డ్ డిస్కులో లోపల తిరిగే పళ్ళెం, దాని మీద అటూ ఇటూ కదిలే ముల్లు ఉంటాయి. గేమ్‌కి కావలసిన ముక్కలు పళ్ళెం మీద దూరదూరంగా ఉంటే ముల్లు తిరగలేక చస్తుంది, ఆట నత్తనడక నడుస్తుంది. చెవి పెట్టి వింటే కటకటమని ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది, మా స్టూడియోలో పాత డిస్కులు రోజూ వినిపిస్తూనే ఉంటాయి. దానికి విరుగుడుగా ఒకే వస్తువుని కావలసిన ప్రతి చోటా మళ్ళీ మళ్ళీ రాసి పెట్టేవాళ్ళు. పీఎస్5ని డిజైన్ చేసిన మార్క్ సెర్నీ 2020 మార్చిలో ఇచ్చిన ప్రసంగంలో ఈ సంగతే చెప్పాడు. పీఎస్4 స్పైడర్‌మ్యాన్ గేమ్‌లో కొన్ని ముక్కలు హార్డ్ డిస్కు మీద 400 సార్లు ఉన్నాయట. ఎస్‌ఎస్‌డీలో పళ్ళెమూ లేదు, ముల్లూ లేదు. ఆ అవసరం పోయింది. పైగా పీఎస్5లో కుదించిన ఫైళ్ళని విప్పడానికే ప్రత్యేకంగా చిప్పులో భాగం ఉంది. కంట్రోల్ అనే గేమ్ పీఎస్4లో 42 జీబీ ఉన్నది పీఎస్5 వెర్షన్‌లో 26 లోపుకి వచ్చింది.

అంటే తగ్గించవచ్చు. తగ్గించిన దాఖలా హెల్‌డైవర్స్ 2 అనే గేమ్. అది కన్సోల్ మీద 35 జీబీ దరిదాపుల్లో ఉంటే, పీసీ మీద ఏకంగా 154. హార్డ్ డిస్కు వాడే కొద్దిమంది కోసమని పీసీలో అంతా రెట్టించి పెట్టారు. తీసేస్తే వాళ్ళకి లోడింగ్ ఎన్నో రెట్లు పెరుగుతుందని భయపడ్డారు. తీరా కొలిచి చూస్తే తేడా కొన్ని సెకన్లే, ఎందుకంటే ఆ సమయంలో ఎక్కువ భాగం ఆట మ్యాపుని తయారుచేసుకోవడానికే పోతోంది. 2025 డిసెంబరులో దాన్ని 23 జీబీకి దించారు. నూట ముప్పై జీబీ, అందరి కంప్యూటర్లలోనూ, ఊరికే! గేమ్ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఇన్నాళ్ళూ ఆ బరువు దింపుకోవడానికి ఎవరెవరు ఎంత డేటా తగలేశారో.

గేమ్‌ని నెట్ నుంచి దింపకుండా షాపులో దొరికే డిస్కు (సీడీలాంటి బిళ్ళ) కొంటే డేటా మిగులుతుంది కదా అని కొందరంటారు. సగం నిజం. పీఎస్5 డిస్కులో పట్టేది 100 జీబీ, పూర్తిగా డిస్కులోనే ఉండే గేములకి మా ఇంట్లో నేను డిస్కులే కొంటాను, ఆడేశాక అమ్ముకోవచ్చు కూడా. కానీ 2022 నాటి మోడర్న్ వార్‌ఫేర్ 2 పీఎస్5 డిస్కు మీద ఉన్నది దాదాపు 70 ఎంబీ మాత్రమే. మిగతాదంతా నెట్ నుంచే. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవకుండా కొంటే అంతే సంగతులు.

సరే, ఎస్‌ఎస్‌డీ దగ్గరికి వద్దాం. పీఎస్5లో అదనపు స్లాటు మొదటినుంచీ ఉన్నా 2021 సెప్టెంబరు అప్‌డేట్ దాకా దాన్ని తెరవలేదు. ఇప్పుడు 250 జీబీ నుంచి 8 టీబీ దాకా వేసుకోవచ్చు. జెన్4 ఎన్‌వీఎంఈ (నాలుగో తరం వేగపు రకం) అయి ఉండాలి, సెకనుకి 5,500 ఎంబీ రీడ్ స్పీడు ఉండాలని సోనీ సలహా, హీట్‌సింక్ తప్పనిసరి, దానితో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. ఇవి నాలుగూ ఫోన్‌లో రాసుకుని విజయవాడ వెళ్ళాను. షాపు పేరు చెప్పను. కౌంటర్‌లో కుర్రాడు జెన్3 డ్రైవ్ ఒకటి తీసి "అన్నీ ఒకటే సార్, ఇది మూడు వేలు తక్కువ" అన్నాడు. హీట్‌సింక్ అడిగితే "ఏసీ రూమే కదా సార్" అన్నాడు. జెన్3 పెడితే పీఎస్5 తీసుకోదు బాబూ అంటే నమ్మలేదు, లోపల ఇంకొకర్ని అడిగొచ్చి అప్పుడు అసలు సరుకు తీశాడు. కొనేముందు డబ్బా మీద ఈ వివరాలు మీరే చూసుకోండి. డబ్ల్యూడీలోనే ఎస్‌ఎన్850పీ అని పీఎస్5 ముద్రతో ఇంకొకటి ఉంది, దాని ధర ఎక్కువ. ఆ ముద్రకి అదనంగా ఇవ్వాల్సిన పని నాకు కనిపించలేదు.

బిగించడం టీవీకి డిష్ పెట్టుకున్నంత కష్టం కూడా లేదు, మెకానిక్ అక్కర్లేదు. కరెంటు వైర్లన్నీ తీసి, స్టాండు విప్పి, టేబుల్ మీద టవల్ పరిచి కన్సోల్ పడుకోబెట్టాను. తెల్ల కవరు మూల కాస్త ఎత్తి పక్కకి జరిపితే టక్కుమని ఊడింది. ఊడిన క్షణం ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, విరగలేదు, అది దాని పద్ధతే. ఫ్యాన్ పక్కన పొడుగాటి రేకు మూత, ఒకే స్క్రూ. లెన్సులు విప్పే చిన్న ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ సరిపోయింది. లోపల 30, 42, 60, 80, 110 అని అంకెలతో రంధ్రాలు ఉంటాయి. మామూలు ఎస్‌ఎస్‌డీ 80 కొలత. అక్కడున్న స్పేసర్ అనే బుల్లి నట్టుని తీసి 80 దగ్గర పెట్టాలి. పని మొత్తంలో జాగ్రత్త పడాల్సింది ఇక్కడే, మినపగింజంత ఉంటుంది, చెయ్యి జారితే ఫ్యాన్‌లోకి పోతుంది. డ్రైవ్‌ని ఏటవాలుగా గాడిలోకి నెట్టి, కిందికి నొక్కి, స్క్రూ బిగించి మూత వేసేయడమే.

కవరు తీసినప్పుడు ఫ్యాన్ దగ్గర రెండు గుండ్రటి రంధ్రాలు కనిపిస్తాయి. దుమ్ము పేరుకోవడానికే సోనీ పెట్టిన చోట్లు అవి. మావైపు ఉప్పు గాలికీ తేమకీ ఆ దుమ్ము బూజులా గట్టిపడి ఉంది. వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనిస్తే వచ్చేసింది. ఎస్‌ఎస్‌డీ కొనకపోయినా ఏడాదికోసారి ఈ పని చేసుకోండి, ఫ్యాన్ మోత తగ్గుతుంది.

ఆన్ చేయగానే ఫార్మాట్ చేయమంటుంది. చేశాక స్పీడు చూపిస్తుంది. కంపెనీ చెప్పేది సెకనుకి 7,300 ఎంబీ, నా కన్సోల్ చూపించింది ఆరు వేల పైచిలుకు. తేడా మీద వాదించే ఓపిక నాకు లేదు, సోనీ అడిగినదానికంటే ఎక్కువే. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌లోకి వెళ్ళి గేములు అటు జరిపితే వంద జీబీది టీ తాగేలోపు వెళ్ళిపోయింది. ఆడేటప్పుడు లోపలి డ్రైవ్‌కీ దీనికీ తేడా నాకు తెలియలేదు. మే నెల ఎండల్లో, ఏసీ లేని హాల్లో ఆడినా వేడి ఎక్కువైందని ఎప్పుడూ మెసేజ్ రాలేదు. ఆటలో ఎందాకా వచ్చామో గుర్తుపెట్టుకునే సేవ్ ఫైళ్ళు మాత్రం కన్సోల్ సొంత మెమరీలోనే ఉంటాయి. కాబట్టి గేమ్ డిలీట్ చేసినా, ఈ డ్రైవ్ పోయినా మీరు ఆడిన ఆట పోదు. ఇది తెలియక మా వాడు చాలా కాలం ఏదీ తీయనిచ్చేవాడు కాదు.

ఇప్పుడు అసలు లెక్క. మా ఆపరేటర్ దగ్గర లిమిట్ దాటాక వంద జీబీ టాపప్ రెండు వందలు. 150 జీబీ గేమ్ తీసేసి మళ్ళీ దింపితే మూడు వందలు తగలేసినట్టే. అన్ని గేములూ ఒకేసారి ఉండిపోవడంతో మా ఇంట్లో నెలకి నాలుగు వందల జీబీ దాకా తగ్గింది. టాపప్ ధరలో ఎనిమిది వందలు. ఆ లెక్కన పదహారు వేలూ తిరిగి రావడానికి దాదాపు ఇరవై నెలలు. వారంటీ ఐదేళ్ళు. అంతకుమించి, నెలాఖరున "నెట్ ఎవరు తాగేశారు" అన్న పంచాయితీ లేదు.

తగ్గనిది ఒకటుంది, అప్‌డేట్లు. గేములు ఎక్కువ ఉన్నకొద్దీ అప్‌డేట్లూ ఎక్కువే దిగుతాయి. కన్సోల్‌ని పూర్తిగా ఆపకుండా రెస్ట్ మోడ్‌లో ఉంచితే రాత్రికి రాత్రి ఎవరూ ఆడని గేమ్‌కి కూడా ఇరవై జీబీ దించి పెడుతుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేసి, ఆడాలనుకున్నదానికే దింపుకుంటున్నాను. కాల్ ఆఫ్ డ్యూటీలో కథ భాగం అయిపోయాక దాన్ని ఒక్కదాన్నే తీసేయవచ్చు, మా మేనల్లుడి చేత అది తీయించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

పదహారు వేలు పెట్టలేనివాళ్ళకి ఇంకో దారి. పాత యూఎస్‌బీ హార్డ్ డిస్కు. పీఎస్5 గేములు దాని మీద నుంచి ఆడలేం, పీఎస్4 గేములు ఆడొచ్చు. కానీ పీఎస్5 గేములు అందులో దాచుకుని, కావలసినప్పుడు లోపలికి తెచ్చుకోవచ్చు. వంద జీబీ రావడానికి పావుగంట, ఇరవై నిమిషాలు, నెట్ ఒక్క ఎంబీ కూడా ఖర్చు కాదు. మా స్టూడియోలో పక్కన పడేసిన 4 టీబీ డిస్కు ఒకటి ఈ పనిలోనే ఉంది. పీఎస్5 దాన్ని తన పద్ధతిలో ఫార్మాట్ చేసేస్తుంది, ఎవరి పెళ్ళి ఫోటోలైనా అందులో ఉంటే ముందే తీసుకోండి. యూఎస్‌బీ హబ్ ద్వారా పెడితే పనిచేయదు, నేరుగా గుచ్చాలి. పీసీలో ఆడేవాళ్ళకి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణం 2023 నుంచి ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి వైఫై మీదే గేమ్ కాపీ చేసుకోనిస్తోంది. హాస్టళ్ళలో ఒకడు దింపితే పదిమందికి చాలు.

3,300 జీబీ ఫైబర్ ఉండి, ఒకటి రెండు గేములే ఆడేవాళ్ళకి ఇది అక్కర్లేదు, ఆ డబ్బుతో మూడు నాలుగు గేములు కొనుక్కోండి. వెయ్యి జీబీ ఎయిర్ ఫైబరో, మాలాంటి కేబుల్ లైనో ఉండి ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడేవాళ్ళుంటే తీసుకోవచ్చు. 1 టీబీ వద్దు, రెండు గేములు కొంటే మళ్ళీ మొదటికొస్తారు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు పెరిగాయి, నేను కొన్న రేటుకి ఇప్పుడు దొరక్కపోవచ్చు. మీకు దొరికే ధరకీ మీ ఆపరేటర్ టాపప్ ధరకీ పైన నేను వేసిన లెక్క వేసి చూసుకుని వెళ్ళండి.

నా వరకు అయిదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది డబ్బాలో స్క్రూడ్రైవర్ ఇవ్వనందుకు. కొన్నాక బిల్లుని ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి, షాపులో ఇచ్చే థర్మల్ కాగితం మీద అక్షరాలు మా ఊరి తేమకి ఏడాది కూడా నిలవవు, వారంటీకి వెళ్తే ముందు అడిగేది దాన్నే.